ఇసుకలో నీలం చొక్కా

మా వదిన అంత పిరికిది ఈ భూప్రపంచంలో ఇంకొకరు ఉండరు. బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కుతుంది. ఎక్కిన కుర్చీ ఊగితే అక్కడి నుంచి ఇంకో కేక పెడుతుంది. నాలుగంతస్తులు ఆయాసపడుతూ మెట్లెక్కి వస్తుంది గానీ లిఫ్టులో కాలు పెట్టదు. వేళ కాని వేళ ఫోను మోగితే ముందు గుండె పట్టుకుని తర్వాత ఫోను పట్టుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో మా అన్నయ్య తలుపు చాటు నుంచి సరదాకి 'భౌ' అన్నాడు. ఆమె చేతిలో ఉన్న పాలగిన్నె అన్నయ్య నెత్తిన పడింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ ఎవరినీ 'భౌ' అనలేదు.

అలాంటి మనిషి భయపడే పిల్లలకి వైద్యం చేస్తానంటే నేను పడీ పడీ నవ్వాను. "వాళ్ళు భయపడితే నువ్వు చూసుకుంటావు, నువ్వు భయపడితే ఎవరు చూసుకుంటారు వదినా?" అని అడిగాను. "నువ్వున్నావుగా" అంది. అలా నా ఉద్యోగం ఖాయమైంది. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చోవడం, ఫోన్లు ఎత్తడం, తల్లిదండ్రులకి మంచినీళ్ళివ్వడం, లోపలికి రానంటూ తలుపు పట్టుకుని వేలాడే పిల్లల్ని కాసేపు వేలాడనివ్వడం నా పని. ఆడపడుచుని కాబట్టి ఆమె మీద నోరు చేసుకునే హక్కు నాకు పుట్టుకతోనే ఉంది.

ఆమె చేసేదాన్ని ప్లే థెరపీ అంటారు. మనసులో పడిన దెబ్బని పిల్లలు మాటల్లో చెప్పలేరు, ఆటలో చెబుతారు. ఆ ఆటకి ఒక గది, కొన్ని బొమ్మలు, పక్కన కదలకుండా మెదలకుండా కూర్చుని చూసే ఒక పెద్ద మనిషి కావాలి. అంతే. "ఆడుకోవడానికి ఇంత దూరం రావాలా?" అని గొణిగే నాన్నలు చాలామంది వస్తారు. మొదట్లో నేనూ ఆ మాటే అనేదాన్ని. వదిన మాత్రం వాదించదు. "చిన్నప్పుడు నాకు భయమేస్తే అందరూ భయపడకు అన్నారు చిట్టీ. దేనికి భయమేసిందని ఒక్కళ్ళూ అడగలేదు" అని మాత్రం ఒకసారి చెప్పింది.

ఆ గదిలో పిల్లల ఎత్తుకి సరిపోయే అరలుంటాయి. వాటిలో ఆడబొమ్మలు, మగబొమ్మలు, పిల్లల బొమ్మలు, వంటసామాను, కార్లు, డాక్టరు పెట్టె, ఒక రబ్బరు పాము. ఆ పాముని వదిన ఇప్పటికీ గుడ్డతోనే పట్టుకుంటుంది. మధ్యలో మోకాలెత్తు బల్ల మీద వెడల్పాటి చెక్కతొట్టి, దాని నిండా సన్నటి ఇసుక. పిల్లలు ఎక్కువగా చేరేది అక్కడికే. అందుకే వాళ్ళు ఆమెకి ఇసకత్త అని పేరు పెట్టారు.

ఆ గదికి కొన్ని నియమాలున్నాయి. ఏ బొమ్మ ఏమిటో పెద్దవాళ్ళు చెప్పకూడదు, పిల్లలే చెప్పాలి. ప్రశ్నలు వేయకూడదు. పిల్లలు ఏమన్నా ఆ మాటనే మెల్లగా తిరిగి వాళ్ళకి అప్పజెప్పాలి. ఈ అలవాటు వదినకి ఇంటిదాకా వచ్చింది. అన్నయ్య అన్నం ముందు కూర్చుని "కూరలో ఉప్పు తక్కువైంది" అంటే, "ఉప్పు తక్కువైందని నీకు అనిపిస్తోందన్నమాట" అంటుంది. మా అన్నయ్య నెత్తి కొట్టుకుని తనే లేచి ఉప్పు తెచ్చుకుంటాడు.

అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. ఒక పిల్ల వెళ్ళిపోగానే గది మళ్ళీ ఎప్పటిలా అయిపోవాలి. ఇసుక చదును చేయాలి, బొమ్మలన్నీ ఏ అరలోవి ఆ అరలోకి చేరాలి. ఈ పని వదిన నన్ను ముట్టుకోనివ్వదు. "బయట అన్నీ తలకిందులైపోయిన పిల్లలు చిట్టీ వీళ్ళు. ఇక్కడైనా పెట్టిన వస్తువు పెట్టిన చోట ఉండాలి" అంటుంది. ఆ నియమం వల్లే మాకు ఆ గండం వచ్చిపడింది.

లోపల జరిగింది ఆమె బయటికి చెప్పదు. ఇప్పుడు నేను రాస్తున్న పాప సంగతి, వాళ్ళమ్మ సరేనన్నాక వదిన చెప్పినదే.

ఆ పాపని ఇంట్లో గువ్వ అని పిలిచేవాళ్ళు. ఒకటో తరగతి. నాన్న బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఒక పగటిపూట పనిలోనే ఛాతీ పట్టుకుని కూలిపోయాడట. షెడ్డు వెనకే ఉన్న శ్మశానంలో, ఆయన రోజూ వేసుకునే నీలం చొక్కాతోనే పూడ్చారు. బాబాయి భుజం మీద నుంచి గువ్వ అదంతా చూసింది. "నాన్న పడుకున్నాడమ్మా" అని చెప్పారట. ఎవరో పుణ్యాత్ములు "గోల చేయకు, నాన్న నిద్ర చెడిపోతుంది" అని కూడా చెప్పారట. పిల్ల నోరు మూసేసింది. తల్లి యూనిఫాంలు కుట్టే చోట టైలరు. ఆమె చేతిసంచి పట్టుకుని గువ్వ మా ముందు గదిలో మొదటిసారి కూర్చున్నప్పుడు ఉలుకూ పలుకూ లేదు. నేను ఇచ్చిన నీళ్ళగ్లాసు వైపు చూసింది గానీ తాగలేదు. "రాత్రి పక్క తడిపేస్తోంది మేడమ్. నేను కళ్ళు మూసుకుంటే చాలు, నా కనురెప్పలు ఎత్తి చూస్తోంది" అంది తల్లి.

రెండో వారమో మూడో వారమో గువ్వ అరలోంచి ఒక మగబొమ్మని తీసింది. దానికి నీలం చొక్కా ఉంది. ఇసుకలో గుంట తవ్వి, బొమ్మని పడుకోబెట్టి, పైన ఇసుక కప్పి, రెండు చేతులతో తట్టింది. "ఇసుక కప్పేస్తున్నావు. గట్టిగా తడుతున్నావు" అంది వదిన. అంతకుమించి అనకూడదు. పిల్ల వెళ్ళాక బొమ్మని బయటికి తీసింది. చొక్కా నిండా ఇసుక అంటుకుంది కాబట్టి విప్పి సబ్బుతో ఉతికి కిటికీలో ఆరేసింది. ఆరాక తొడిగి, ఎప్పటి చోట, ఆడబొమ్మ పక్కన నిలబెట్టింది.

మరుసటి వారం గువ్వ తిన్నగా ఆ అర దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు అలాగే నిలబడింది. వేలితో చొక్కా ముట్టుకుంది, వాసన చూసింది. చూసి నవ్వింది.

వదిన కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి "చిట్టీ, గువ్వ నవ్వింది" అని నా చెయ్యి పట్టుకుంది. అది కూడా బయటికి చెప్పకూడని మాటే, ఆగలేకపోయింది.

ఆ తర్వాత ప్రతి వారం అదే ఆట. బొమ్మని పూడ్చడం, తట్టడం, వెళ్ళిపోవడం. వచ్చే వారం రాగానే అర దగ్గరికి పరుగు. మా కిటికీలో ప్రతి వారం ఆ బుల్లి నీలం చొక్కా ఆరుతూ ఉండేది. గువ్వ అన్నం తింటోందని తల్లి చెప్పింది. పక్క తడపడం లేదంది. ఒకరోజు వస్తూనే నాతో "నీ పెన్ను మూత ఊడిపోయింది" అంది. ఆ మూత వెతుక్కోవడానికి బల్ల కిందికి దూరి, ఏడుపు ఆపుకుని, పైకి లేస్తూ బల్లకి తల కొట్టుకున్నాను. అది చూసి గువ్వ నవ్వింది.

వదినకి మాత్రం కుదురు లేదు. "నాకేదో భయంగా ఉంది" అంది ఒక సాయంత్రం గదికి తాళం వేస్తూ.

"నీకు ఎప్పుడు లేదు గనక?" అన్నాను.

"అది కాదు చిట్టీ. ఏడవాల్సిన పిల్ల నవ్వుతోంది. దేనికో ఎదురుచూస్తున్నట్టుగా ఉంది."

"ఏడిస్తే ఏడుస్తోందని భయం, నవ్వితే నవ్వుతోందని భయం. నీతో వేగలేను తల్లీ" అని విసుక్కున్నాను. విసుక్కున్నాను గానీ ఆ మాట నన్నూ వదల్లేదు. ఇంటికెళ్ళాక గిన్నెలు కడుగుతుంటే మళ్ళీ గుర్తొచ్చింది.

వానలు మొదలయ్యే ముందు రోజు గువ్వ పూడ్చడం పూర్తిచేసి, ఇసుక మీద చెవి ఆనించి, "ఎంతసేపు పడుతుంది?" అని అడిగిందట.

వదిన నియమం ప్రకారం ప్రశ్నని తిరిగి అప్పజెప్పింది. "ఎంతసేపు పడుతుందో తెలుసుకోవాలనుంది నీకు."

"పెద్దవాళ్ళకైతే చాలా మట్టి ఉంటుంది. ఒక్కళ్ళే రాలేరు. ఎవరైనా సాయం చెయ్యాలి."

"సాయం చెయ్యాలనిపిస్తోంది."

"ఊఁ" అందట గువ్వ. వదిన సంతోషించింది. సాయం చేయాలనుకోవడం మంచి లక్షణమని ఆమె చదువుకున్న పుస్తకాల్లో ఉంటుంది కాబోలు. ఆ రోజు గది సర్దుతుంటే ఇసుక తవ్వే ఎర్ర బుల్లి పార కనిపించలేదు. గువ్వ పట్టుకెళ్ళిందని వదినకి తెలిసింది. పిల్లలు ఈ గదిలోంచి ఏదైనా పట్టుకెళ్తే అడగకూడదు, వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ తెస్తారు. అదీ నియమమే. అందుకని ఊరుకుంది.

మర్నాడు పొద్దుట్నుంచీ వాన. మధ్యాహ్నం దాటాక గువ్వ వాళ్ళమ్మ తడిసి ముద్దై మెట్లెక్కి వచ్చింది. వెనకే బాబాయి. వాన వల్ల బడి ముందే వదిలేశారట. బాబాయి వెళ్ళేసరికి గువ్వ లేదు. గొడుగు వేసుకుని ఒక్కతే వెళ్ళిందని ఎవరో పిల్ల చెప్పింది. ఇంట్లో లేదు, కుట్టుపని చేసే చోటికి రాలేదు. "ఇక్కడికేమైనా వచ్చిందా?" అని తల్లి అడుగుతూనే ఆట గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి బల్లల కింద, తెర వెనక చూసింది. వీధిలో ఎన్ని బస్సులు, ఎన్ని తెరిచిన కాలవలు, ఎంతమంది తెలియని మనుషులు! ఒక్కొక్కటీ కళ్ళముందుకి వచ్చి నిలబడింది.

వదిన కిటికీ దగ్గర నిలబడి ఉంది. వానకి ఆ వారం చొక్కా ఇంకా ఆరలేదు. దాని వైపే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"చిట్టీ, ప్రతిసారీ బయటికి తీసింది నేనే" అంది.

"ఎవర్ని?"

"గువ్వ నాన్నని."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఇన్ని వారాలుగా ఆ పిల్ల నాన్నని పూడ్చి వెళ్తోంది. వచ్చేసరికి నాన్న లేచి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, అమ్మ పక్కన నిలబడి ఉంటున్నాడు. అలాంటప్పుడు నవ్వదూ మరి! ఎర్ర పార ఎందుకు పట్టుకెళ్ళిందో కూడా ఇప్పుడు తెలిసింది.

వదిన చెప్పులు కూడా వేసుకోలేదు. మెట్ల వైపు వెళ్తుందనుకున్నాను. లిఫ్టు తలుపు తెరిచే ఉంది, అందులోకి దూరింది. కిందికి దిగేదాకా కళ్ళు మూసుకునే ఉంది. నా మణికట్టు మీద ఆమె గోళ్ళు దిగబడ్డాయి.

శ్మశానం మాకు నాలుగు వీధుల అవతల. వానలో నలుగురం పరిగెత్తాం. బస్సుల షెడ్డు పక్క సందులో మోకాలి లోతు నీళ్ళు. దారిలో ఎవరూ మాట్లాడలేదు. తల్లి మాత్రం "గువ్వా, గువ్వా" అని ఊపిరి తీసుకున్నప్పుడల్లా అంటోంది, పిలుస్తున్నట్టు కాదు, తనలో తను అనుకుంటున్నట్టు. గేటు దగ్గర చిన్న గదిలో కాపలా తాత రేడియో వింటున్నాడు. "పాపా? ఇటు ఎవరూ రాలేదే" అన్నాడు. పిల్లలకి గేటుతో పనేముంది, గోడ ఒకచోట కూలి ఉంది.

గువ్వ పువ్వుల గొడుగు దూరం నుంచే కనిపించింది. నాన్న సమాధి మీద కాదు, దాని పక్కన. అక్కడ మర్నాటి కోసం ఎవరికో ముందే గొయ్యి తవ్వి, రేకు కప్పి ఉంచారు. ఆ రేకు పక్కకి జరిగి ఉంది. గొడుగు అంచున బోర్లా పడి ఉంది.

గువ్వ గోతిలో ఉంది.

పైనుంచి తవ్వితే చాలా మట్టి. పక్క గోతిలోంచి అడ్డంగా తవ్వితే తొందరగా చేరొచ్చు. ఆరేళ్ళ బుర్రకి ఆ లెక్క తట్టింది. పిక్కల దాకా ఎర్రనీళ్ళలో నిలబడి, ఎర్ర పారతో గోడ తవ్వుతోంది. అప్పటికే తల పట్టేంత కన్నం చేసింది. ఆ కన్నం పైన నానిన మట్టి పెచ్చు ముందుకి వేలాడుతోంది.

"ఎవరూ అంచుకి రావద్దు!" అని తాత అరిచాడు. "మట్టి నానిపోయింది, మొత్తం కూలిపోతుంది!" అంటూ నిచ్చెన కోసం పరిగెత్తాడు. బాబాయి ముందుకి ఉరకబోయాడు, అతని కాలి కింద నుంచి బెడ్డ ఒకటి ఊడి నీళ్ళలో పడింది. అక్కడే బిగుసుకుపోయాడు. దగ్గరికి వెళ్తే పిల్ల మీద గోడ పడుతుంది, వెళ్ళకపోతే పిల్లే తవ్వి మీదికి తెచ్చుకుంటుంది.

"గువ్వా, నాన్న ఇంటికొచ్చేశాడమ్మా! నీకోసం చూస్తున్నాడు, పైకి రా!" అన్నాడు బాబాయి. పాపం, ఆ క్షణంలో నేనైనా ఆ అబద్ధమే ఆడేదాన్ని.

గువ్వ తలెత్తింది. మొహం నిండా బురద. "అబద్ధం. నాన్న వస్తే నాన్నే పిలుస్తాడు" అని మళ్ళీ పార ఎత్తింది. "అమ్మా, ఇంకొంచెమే ఉంది. నువ్వేడవకు."

తల్లి బురదలో కూలబడిపోయింది.

తాత నిచ్చెన తెచ్చి అవతలి మూల దించాడు. "తేలిగ్గా ఉన్నవాళ్ళు ఒక్కళ్ళే దిగండి" అన్నాడు. వదిన బక్కపల్చటి మనిషి. ఇంకెవరూ కదలకముందే నిచ్చెన మీద కాలు వేసింది. వణుకుతోంది. ఒట్టి వణుకు కాదు, నిచ్చెన గోడకి తగిలి టకటకలాడేంత వణుకు. నాకు ఆమెని వెనక్కి లాగేయాలనిపించింది. నేలకి పొట్ట ఆనించి పడుకుని నిచ్చెన కొసలు పట్టుకున్నాను. నేను చేయగలిగింది అంతే.

వదిన నీళ్ళలోకి దిగి ఆ మూలనే ఆగింది. "గువ్వా, నాకు చాలా భయమేస్తోంది" అంది. ఆ గొంతులో నటన లేదు.

"నాన్న ఇక్కడే ఉన్నాడుగా. భయం దేనికి?" అంది గువ్వ తవ్వుతూనే.

"తవ్వుతున్నావు" అనలేదు వదిన. "నాన్నకి సాయం చేయాలనుంది" అనలేదు. "గువ్వా, నీలం చొక్కా బొమ్మ ఇసుకలోంచి తనంతట తను రాలేదు. నువ్వు వెళ్ళిపోయాక నేను తీశాను."

పార ఆగింది.

"చొక్కా ఉతికింది నేనే. అరలో పెట్టింది నేనే."

"అన్నిసార్లూ?"

"అన్నిసార్లూ నేనే."

కన్నం పైనున్న పెచ్చు నుంచి సన్నగా మట్టి రాలుతోంది, నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. "అయితే నాన్నని కూడా నువ్వే తియ్యి" అంది గువ్వ.

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. పెద్దవాళ్ళని మంచినీళ్ళు అడిగినట్టు అడిగింది.

"నా వల్ల కాదమ్మా" అంది వదిన. "ఎవరి వల్లా కాదు. నాన్న బొమ్మ కాదు. పడుకోలేదు. నాన్న చచ్చిపోయాడు గువ్వా. ఎంత తవ్వినా రాడు."

అన్ని నెలల్లో ఆ పిల్ల ముందు ఎవరూ ఆ మాట అనలేదు. పైన తల్లి ఒక్కసారిగా గొల్లుమంది. గువ్వ చేతిలో ఉన్న పారతో వదినని కొట్టింది. నుదుటి మీద తగిలి చర్మం చీరుకుంది. ఇంకోసారి కొట్టింది. వదిన చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఆ రెండు చేతులతోనే పిల్లని నడుం పట్టి ఎత్తి నిచ్చెన మీదికి అందించింది. నేను జబ్బ పట్టుకుని లాగాను, బాబాయి నా చేతుల్లోంచి అందుకున్నాడు. పిల్ల గిలగిలా తన్నుకుంటూ "ఇంకొంచెమే ఉంది, ఇంకొంచెమే" అని అరుస్తోంది. తర్వాత వదిన చెయ్యి అందింది, జారింది, మళ్ళీ అందింది. తాత నిచ్చెన పైకి లాగుతుండగా గోడ కూలింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. నీళ్ళు పైకి లేచి, గొయ్యి సగందాకా పూడిపోయింది. ఎర్ర పార అందులోనే ఉండిపోయింది.

వదిన పక్కకి వెళ్ళి వాంతి చేసుకుంది. నేను వీపు రాస్తూ నిలబడ్డాను. తిట్టాలనిపించింది, తిట్టాను కూడా. "పిరికిదానివి పిరికిదానిలా ఉండలేవూ?" అని. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

ఆ తర్వాత వదినకి జ్వరం. నుదుటి మీద కుట్లు. "మూసేద్దాం చిట్టీ. నేను పనికిరాను" అని ఒకటే మాట. అన్నయ్య ఉప్పు సంగతి ఎత్తి నవ్వించబోయాడు, ఆమె నవ్వలేదు. ఆట గది తాళం తీయలేదు. వచ్చినవాళ్ళందరికీ ఫోనులో ఏదో ఒకటి చెప్పి వాయిదా వేస్తూ వచ్చాను. గువ్వ మళ్ళీ మాట్లాడడం మానేసిందని తల్లి చెప్పినప్పుడు మాత్రం ఆ సంగతి వదినకి చెప్పలేకపోయాను. ఆ పిల్ల నోరు ఇక తెరుచుకోదేమో, మేమే దాన్ని శాశ్వతంగా మూసేశామేమో అని నాకు ప్రతి పొద్దూ భయంతోనే తెల్లారేది.

ఒకరోజు తల్లి ఫోను చేసింది. "బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఎక్కడికే అంటే నుదురు చూపిస్తోంది. మీ మేడమ్ కోసమే అనుకుంటా" అంది.

వదిన వచ్చి తాళం తీసింది. తీయడానికి మూడుసార్లు తాళంచెవి కింద పడేసుకుంది. గువ్వ వచ్చి ఆమె నుదుటి మీది మచ్చని వేలితో ముట్టుకుంది. తర్వాత వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఆ గదిలోకి ఇతరులు రాకూడదు. వదిన వైపు చూశాను. రమ్మన్నట్టు తల ఊపింది.

గువ్వ అరలోంచి నీలం చొక్కా బొమ్మని తీసింది. పార లేదు కాబట్టి చేతులతోనే తవ్వింది. తొట్టి అడుగు కనిపించేదాకా తవ్వింది. పడుకోబెట్టి, ఇసుక కప్పి, తట్టింది. తట్టాక వదిన వైపు తిరిగింది.

"మేం వెళ్ళాక తీస్తావా?" అంది. గొంతు బొంగురుపోయి ఉంది.

ఆ ప్రశ్నని తిరిగి అప్పజెబుతుందేమో అనుకున్నాను. వదిన "తియ్యను" అంది.

"ఇంకెవరైనా వచ్చి తీస్తే?"

"ఈ తొట్టి నీది. వేరే పిల్లలకి వేరే తొట్టి తెప్పిస్తాను. దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను."

"ఉతక్కపోతే చొక్కా పాడైపోతుందా?"

ప్రతి వారం సబ్బు పెట్టి ఆ చొక్కా ఉతికిన చేతులు వదిన ఒళ్ళో బిగుసుకున్నాయి. "పాడైపోతుంది గువ్వా" అంది.

గువ్వ పెదాలు వంకర తిరిగాయి. ఏడ్చింది. వాళ్ళమ్మ ఒళ్ళో పడి, నాన్నా నాన్నా అని, ఒళ్ళంతా కుదిపేసేలా, అన్ని నెలల ఏడుపూ ఏడ్చింది. తల్లి ఈసారి "ఏడవకమ్మా" అనలేదు. తనూ ఏడ్చింది. నేనూ వదినా ఒకళ్ళనొకళ్ళం చూసుకోకుండా గోడల వైపు చూస్తూ కూర్చున్నాం.

చాలాసేపటికి గువ్వ లేచి ముక్కు తుడుచుకుంది. అర దగ్గరికి వెళ్ళి ఆడబొమ్మని, పిల్లబొమ్మని తెచ్చింది. ఇసుక మీద, తను తట్టిన చోటు పక్కన ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"వీళ్ళు కాసేపు ఇక్కడ కూర్చుంటారు. తర్వాత వెళ్ళిపోతారు" అంది.

"ఎక్కడికి?" అంది వదిన. ప్రశ్నలు వేయకూడదన్న నియమం ఆమె మర్చిపోయింది.

"ఇంటికి" అంది గువ్వ. "అన్నం తినాలి కదా."